హైదరాబాద్‌లో ట్రాము నడిచిందా? నడిచిన ఊళ్లలో ఎందుకు ఆగిపోయింది?

హన్మకొండ నుంచి వచ్చిన ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. నిజాం కాలంలో హైదరాబాద్‌లో ట్రాములు నడిచేవని తాత చెప్పేవాడట, నిజమేనా? మద్రాసు, బొంబాయిల్లో అంత జోరుగా నడిచినవాటిని ఎందుకు పీకేశారు? కాజీపేట నుంచి వరంగల్ దాకా ఆ రోజుల్లోనే ఒక లైను వేసి ఉంటే ఇవాళ పైతీగ కరెంటుతో నడిచే మెట్రో నియో బండి కోసం ఎదురుచూసే పని తప్పేదా?

మొదటిదానికి జవాబు చిన్నది. నడవలేదు. హైదరాబాద్‌లోగానీ వరంగల్‌లోగానీ వీధి ట్రాము ఎప్పుడూ లేదు. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను కంపెనీ చేతుల్లోంచి తన చేతుల్లోకి తీసుకుంది. ఆ రైల్వే కిందనే 1932 జూన్‌లో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. అప్పటికి ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే. రైలూ బస్సూ ఒకే యజమానివి కాబట్టి స్టేషన్ దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు అన్న పద్ధతి ఇక్కడ మొదటినుంచీ ఉంది. ట్రాముకు జాగ దొరకలేదు. పైగా 1932 నాటికి కాన్పూర్‌లో ట్రాము ఆఖరి రోజుల్లో ఉంది. తెలిసినవాడెవడూ ఆ ఏడు కొత్తగా పట్టాలు వెయ్యడు.

అలాగని తాతను తప్పుపట్టక్కర్లేదు. తెలంగాణలో ‘ట్రాము’ మాట రెండు తొవ్వల్లో వచ్చింది. ఒకటి బొంబాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మిల్లు పనికీ మేస్త్రీ పనికీ బొంబాయి పోయినోళ్లకు లెక్క లేదు. అక్కడి కామాఠిపురకు ఆ పేరొచ్చింది ఇక్కణ్నుంచి పోయిన కామాఠీ కూలీల వల్లే. వాళ్లు ఊరికొచ్చి చెప్పిన ట్రాము కథలు తరం మారేసరికి హైదరాబాద్ కథలైపోయాయి. రెండోది బొగ్గుబాయి. సింగరేణిలో టబ్బులు (బొగ్గు తొట్టి బండ్లు) నెట్టే కార్మికుణ్ని ‘ట్రామర్’ అంటారు. మందమర్రి, బెల్లంపల్లి, ఇల్లెందు వైపు ఈ మాట కొత్తది కాదు. అసలు ట్రాము అన్న పేరు పుట్టిందే గనిలో టబ్బు నడిచే దారి నుంచి. వీధిలోకి వచ్చింది తర్వాత. కాబట్టి మన దగ్గర ట్రాము పైన లేదుగానీ భూమి కింద ఉంది.

ఇక రెండో ముక్క. అసలు సంగతంతా ఇందులోనే ఉంది.

‘బస్సులొచ్చాయి, ట్రాములు పోయాయి’ అనేది సగం నిజం. బస్సు వచ్చాక కూడా బొంబాయిలో ట్రాము దాదాపు నలభై ఏళ్లు నడిచింది. అక్కడ రెండూ ఒకే కంపెనీవి. 1907లో కరెంటు ట్రాము, 1926లో బస్సు, 1964 మార్చి 31న ఆఖరి ట్రాము. మరి ఏది చంపింది? ఏ ఊరు ఎన్నేళ్లు నడిచిందో చూడండి. కాన్పూర్ 1907 నుంచి 1933 దాకా, అంటే 26 ఏళ్లు. మద్రాసు 1895 నుంచి 1953 దాకా 58. బొంబాయి కరెంటు ట్రాము 57. ఢిల్లీ 1908 నుంచి 1963 దాకా 55. వీధి పట్టా ఆయుష్షు, రద్దీని బట్టి, పాతిక ముప్పై ఏళ్లు. అంటే కాన్పూర్ మొదటి మార్పిడి దగ్గర ఆగింది, మిగతా మూడూ రెండో మార్పిడి దగ్గర ఆగాయి. నా లెక్కలో ఇది యాదృచ్ఛికం కాదు. పట్టా, తీగ, స్తంభం, మోటారు అన్నీ ఒకేసారి వేసినవి, అన్నీ ఒకేసారి ముసలివవుతాయి. ఆ రోజు పెద్ద మొత్తం చేతిలో ఉండాలి. లేదంటే, ఎంత నిండుగా నడుస్తున్నా, లైను పోతుంది.

ఆ మొత్తం ఎందుకంత పెద్దదో రైలు పట్టాతో పోల్చి చూస్తే తెలుస్తుంది. కాజీపేట యార్డులో పట్టా మారిస్తే పని కంకర మీద. క్లిప్పులు తీసి, పాతది పక్కకు జరిపి, కొత్తది పెడతారు. వీధి ట్రాము పట్టా రోడ్డులో పూడ్చి ఉంటుంది. దాని తల మీద చక్రపు అంచు పోవడానికి ఒక గాడి ఉంటుంది, 30 మిల్లీమీటర్లకు అటూఇటూ వెడల్పు. అది మీటరుకు 50 కిలోలనుకోండి. డబుల్ లైనులో నాలుగు వరుసల పట్టాలు, కాబట్టి ఒక్క కిలోమీటరుకు 200 టన్నుల ఉక్కు. కింద కాంక్రీటు, పైన రాతి దిమ్మెలో తారో. మార్చాలంటే వీధంతా తవ్వాలి, అదీ ట్రాఫిక్ ఆపకుండా. ఉక్కు ఖర్చుకంటే తవ్వి పూడ్చే ఖర్చే ఎక్కువైన సందర్భాలు తక్కువేం కాదు.

రోడ్డు ఖర్చు కూడా కంపెనీదే. బ్రిటన్‌లో 1870 ట్రాము చట్టం ప్రకారం రెండు పట్టాల మధ్య జాగా, బయట రెండు వైపులా 18 అంగుళాల చొప్పున జాగా కంపెనీయే బాగుచెయ్యాలి. మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు ఎడం) సింగిల్ లైనుకు లెక్క కడితే దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, కిలోమీటరుకు 1,900 చదరపు మీటర్లు. గుర్రాల కాలంలో ఈ నిబంధన న్యాయమైనదే, గుర్రపు డెక్కలు రోడ్డును తినేవి. కరెంటు వచ్చాక ట్రాము రోడ్డును తాకదు. అయినా నిబంధన ఉండిపోయింది. పక్కనుంచి పోయే బస్సు ఆ రోడ్డు మీదనే పోతుంది, ఆ రోడ్డును బాగుచేసేది మాత్రం ట్రాము కంపెనీ. అదే చట్టంలో ఇంకో మెలిక ఉంది. 21 ఏళ్ల తర్వాత మున్సిపాలిటీ కావాలంటే కొనుక్కోవచ్చు, అదీ ఆ నాటికి సామాను విలువ ఎంతుంటే అంతకే. అలాంటప్పుడు పదిహేనో ఏడు దాటాక కొత్త పట్టా మీద డబ్బు పెట్టడానికి ఏ యజమానికి చెయ్యి వస్తుంది? మన దేశానికి 1886లో వేరే ట్రాము చట్టం వచ్చింది. కలకత్తా, బొంబాయిలకు అంతకుముందే వేటి చట్టాలు వాటికున్నాయి. అన్నీ ఆ బ్రిటిష్ నమూనా నీడలో పెరిగినవే.

ఇప్పుడు పాడయ్యే తీరు. ట్రాము ఎక్కడ జబ్బుపడుతుందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

పైన తీగ నుంచి సుమారు 550 వోల్టుల డీసీ కరెంటు దిగుతుంది. మోటార్లలోంచి పోయి, చక్రం గుండా పట్టాలోకి వచ్చి, పట్టా వెంట సబ్‌స్టేషన్‌కు తిరిగిపోతుంది. అంటే పట్టా కేవలం దారి కాదు, వెనక్కిపోయే వైరు కూడా. 12 మీటర్ల పట్టాలైతే కిలోమీటరు డబుల్ లైనులో 330కి పైగా అతుకులు. ప్రతి అతుకు దగ్గరా ఫిష్‌ప్లేటు (రెండు పట్టాలను కలిపి బిగించే ఇనుప పలక)తోపాటు ఒక రాగి బాండ్, అంటే కరెంటును దాటించే రాగి ముక్క, ఉండాలి. ఫిష్‌ప్లేటు బరువును మోస్తుందిగానీ, తుప్పు పట్టాక కరెంటును సరిగా మొయ్యదు. 50 కిలోల పట్టా ఒక వరుస కిలోమీటరుకు దాదాపు 0.03 ఓం నిరోధం, నాలుగు వరుసలు కలిస్తే 0.008. రెండు కిలోమీటర్ల మేర పది ట్రాములు సమంగా పరుచుకుని, ఒక్కోటి 50 ఆంపియర్లు లాగుతున్నాయనుకోండి. పట్టా దూరపు కొసకూ సబ్‌స్టేషన్‌కూ మధ్య తేడా 4 వోల్టులు. బ్రిటిష్ నియమం ప్రకారం ఈ తేడా 7 వోల్టులు దాటకూడదు. బాండ్లు తెగి నిరోధం రెట్టింపైతే 8, గీత దాటినట్టే.

గీత దాటితే ఏమవుతుంది? కరెంటు పట్టాను వదిలి తడి మట్టిలోంచి దగ్గర్లోని నీళ్ల పైపును పట్టుకుంటుంది, సబ్‌స్టేషన్ దగ్గర మళ్లీ బయటికొస్తుంది. బయటికొచ్చే చోట లోహాన్ని తినుకుంటూ వస్తుంది. ఒక్క ఆంపియరు ఏడాది పొడవునా అలా బయటికొస్తే 9 కిలోల ఇనుము కరిగిపోతుంది. టెలిఫోన్ కేబుల్‌కు చుట్టిన సీసమైతే 34 కిలోల దాకా. అప్పుడు పైపు కారుతుంది, మున్సిపాలిటీ నోటీసిస్తుంది, కంపెనీ కోర్టుకు పోతుంది. మూలం చూస్తే వీధి కింద తెగిన ఒక రాగి ముక్క. దాన్ని చూడాలంటే రోడ్డు తవ్వాలి, అందుకే ఎవరూ చూడరు.

ఇంకా పైకి కనిపించే జబ్బులున్నాయి. గాడిలో మట్టి, కంకర ముక్క చేరితే చక్రపు అంచు దాని మీదికెక్కి బండి పట్టా దిగుతుంది. అందుకే గాడి గీకే మనిషిని రోజూ లైను మీద తిప్పాలి. మలుపుల్లో పట్టా పక్కలు ముందు అరుగుతాయి, గాడి వెడల్పవుతుంది, సైకిల్ టైరు అందులో దిగి మనిషి పడతాడు. వాన తొలి జల్లు పడ్డ అరగంట అన్నిటికంటే చెడ్డది. దుమ్మూ నూనే కలిసి పట్టా జారుడవుతుంది. డ్రైవరు కాలితో ఇసుక పెట్టె మీట తొక్కి చక్రం ముందు ఇసుక రాల్చాలి. ఆ ఇసుక పొడిగా, జల్లించి ఉండాలి. తడిస్తే గొట్టంలో గడ్డకడుతుంది, బ్రేకు వేసినా బండి ఆగదు. ఆ రాలిన ఇసుకే మళ్లీ గాడిలో చేరుతుంది. ఈ వలయం నుంచి తప్పించుకున్న ట్రాము ఊరు లేదు.

పైన తీగ సంగతి కొంచెం నయం, కనీసం కంటికి కనిపిస్తుంది. స్తంభాలు 35–40 మీటర్లకొకటి, తీగ ఆరు మీటర్ల ఎత్తున. పాత పద్ధతిలో బండి మీద ఒక పొడుగాటి గడ, దాని కొసన గాడి ఉన్న చిన్న చక్రం. మలుపులో వేగం ఎక్కువైతే చక్రం తీగను వదిలేస్తుంది, గడ ఎగిరి అడ్డతీగలకు కొట్టుకుంటుంది. లైను చివర కండక్టరు తాడు పట్టుకుని గడను బండి చుట్టూ తిప్పి వెనక్కి పెట్టాలి. రద్దీ వేళ ఆ ఒకటిన్నర నిమిషమే వెనకున్న నాలుగు బండ్లను ఆపుతుంది.

మద్రాసు కథ ఇక్కడ చెప్పుకోవాలి. మన దేశంలో కరెంటు ట్రాము మొదట నడిచింది అక్కడే, 1895 మే 7న. ఊళ్లో తీగలు వేలాడకూడదని మొదట కండ్యూట్ పద్ధతి పెట్టారు. రోడ్డు కింద ఒక కాలువ, అందులో కరెంటు కడ్డీలు, రోడ్డు మీద సన్నటి చీలిక. బండి నుంచి ఒక నాగలి లాంటిది ఆ చీలికలోకి దిగి కడ్డీని తాకుతుంది. ఎండాకాలం బాగానే ఉంటుంది. వానాకాలం ఆ కాలువ మురికికాలువ అవుతుంది, నీళ్లూ బురదా చేరి కడ్డీలు షార్టవుతాయి. సముద్రమట్టానికి అంత దగ్గరున్న ఊళ్లో ఆ నీళ్లు పోయే చోటు కూడా లేదు. కొన్నేళ్లకే పైతీగకు మారారు. నయీంనగర్ నాలా పొంగినప్పుడు హన్మకొండ రోడ్డు చూసినవాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు. 1921 నాటికి మద్రాసులో 24 కిలోమీటర్ల లైను, 97 బండ్లు. మౌంట్ రోడ్డు, పారీస్ కార్నర్, రేవు. 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది.

గుర్రపు ట్రాము లెక్క వేరే. కలకత్తాలో 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి అర్మీనియన్ ఘాట్ దాకా మొదలుపెట్టి, జనం లేక ఆ నవంబరులోనే మూసేశారు. 1880లో కొత్త కంపెనీ మీటర్ గేజ్ మీద మళ్లీ వేసింది. ఆ శతాబ్దం చివరికి 166 బండ్లు, వెయ్యి గుర్రాలు. బండికి ఆరు గుర్రాలన్నమాట. లాగేవి ఒకటో రెండో అయితే ఆరెందుకంటే, ఒక గుర్రం రోజుకు కొన్ని గంటలే లాగగలదు, మిగతావి మేత తింటూ కొట్టంలో ఉంటాయి. బండి ఆగినా మేత ఆగదు. 1902లో కరెంటు వచ్చినప్పుడు పట్టాలన్నీ పీకి 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కు మార్చారు. ఆ పెద్ద ఖర్చే ఆ ఊరి ట్రామును బతికించింది. వెడల్పు గేజ్ మీద పెద్ద బండి నిలబడుతుంది, వెనక ఇంకో పెట్టె తగిలించవచ్చు, ఒక డ్రైవరు జీతంతో రెండు పెట్టెల జనాన్ని మొయ్యవచ్చు.

కాన్పూర్‌లో దీనికి ఎదురు. రైల్వే స్టేషన్ నుంచి గంగ ఒడ్డున సిర్సయ్యా ఘాట్ దాకా నాలుగు మైళ్లు, సింగిల్ లైను, 20 బండ్లు. సింగిల్ లైను మీద ఎదురుబండి దాటడానికి అక్కడక్కడ లూపులుంటాయి. లూపుల మధ్య దూరం కిలోమీటరు, వేగం గంటకు పది కిలోమీటర్లు అనుకుంటే ఒక ముక్క దాటడానికి 6 నిమిషాలు. అటూఇటూ కలిపితే 12 నిమిషాలకొకటి తప్ప నడపలేరు. ఒక ఎద్దులబండి పట్టా మీద ఆగితే రెండు దిక్కులా బండ్లు నిలిచిపోతాయి. పక్కనుంచి మోటారు బస్సు పోతుంది, జనం అటెక్కుతారు. మొదటి మార్పిడికి డబ్బు పెట్టేవాడు దొరక్కపోవడంలో వింతేముంది.

ఛార్జీ సంగతి కలకత్తా వాళ్లను అడగాలి. 1953లో సెకండ్ క్లాసుకు ఒక్క పైసా పెంచితే ఊరంతా రోడ్డెక్కింది, ట్రాములు తగలబడ్డాయి, పెంపు వెనక్కి పోయింది. జనం తరఫున చూస్తే అది న్యాయమే, ఆ జీతాలకు పైసా పెద్దది. కానీ ఆ మార్పిడి డబ్బు ఛార్జీలో లేకపోతే ఖజానాలోంచి రావాలి. 1967లో ప్రభుత్వం నిర్వహణను చేతుల్లోకి తీసుకుంది కాబట్టి అక్కడ ట్రాము మూడో ఆయుష్షు చూసింది. తర్వాతి దశాబ్దాల్లో ఇంకో తప్పు జరిగింది. రోడ్డు మధ్యన గడ్డిలో ట్రాముకే కేటాయించిన దారులను చాలా చోట్ల కాంక్రీటు చేసి కార్లకు వదిలేశారు. ట్రాముకు పక్కకు తప్పుకునే వీలు లేదు. సొంత దారి పోతే ఎదురుగా ఆగిన ప్రతి ఆటోకూ అది బందీ. వేగం పడితే అదే సర్వీసుకు ఎక్కువ బండ్లు, ఎక్కువ సిబ్బంది కావాలి. ఖర్చు పెరుగుతుంది, జనం తగ్గుతారు. ట్రాము వల్ల ట్రాఫిక్ జామ్ అన్నారుగానీ, చాలా చోట్ల జరిగింది దానికి తలకిందులు. 2024 సెప్టెంబరులో ఎస్ప్లనేడ్–మైదాన్ ముక్క తప్ప మిగతావి ఆపేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

ఇక మూడో ముక్క, మన రోడ్డు. కాజీపేట, ఫాతిమానగర్, సుబేదారి, హన్మకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం, పోచమ్మమైదాన్, వరంగల్ స్టేషన్. ఒక గీత మీద మూడు ఊళ్లు, రెండు కొసలా రెండు రైల్వే స్టేషన్లు. కాగితం మీద ఇంత చక్కటి ట్రాము దారి తక్కువ ఊళ్లకుంటుంది. కానీ 1930ల్లో వేసి ఉంటే 1960 ప్రాంతంలో మొదటి మార్పిడి వచ్చేది. సరిగ్గా మద్రాసు, ఢిల్లీ, బొంబాయి పీకేస్తున్న రోజులు అవి. 1958లో పుట్టిన ఆర్టీసీ చేతిలో ఆ పట్టాలు పడేవి. బస్సుకొనే డబ్బుతో వీధి తవ్వుతుందా? కాన్పూర్‌లాగే పోయేదని నా నమ్మకం.

మెట్రో నియో ట్రాము కాదు, అది గమనించాలి. రబ్బరు టైర్ల బండి, పైన తీగ నుంచి కరెంటు, సొంత దారి. పాత పేరు ట్రాలీబస్సు. ఢిల్లీలో 1935 నుంచి 1962 దాకా, బొంబాయిలో 1962 నుంచి 1971 దాకా నడిచినవి ఈ జాతివే. పట్టా లేదు కాబట్టి వెనక్కిపోయే కరెంటుకు పైన రెండో తీగ కావాలి. దాంతో బాండ్ల బాధ, పైపులు తినే బాధ, గాడి బాధ మూడూ పోతాయి. బదులుగా టైరు అరుగుతుంది, చౌరస్తాల్లో రెండేసి తీగలు ఒకదాన్నొకటి దాటే చోట అమరిక చిక్కవుతుంది, ఉక్కు చక్రం మీద కంటే కరెంటు ఎక్కువ కాలుతుంది.

మెట్రో నియో ప్రాజెక్టు నివేదిక ఎప్పుడైనా జనం ముందుకొస్తే మొదటి పేజీలో ఉండే కిలోమీటరుకు ఇన్ని కోట్లు అన్న అంకె దగ్గర ఆగకండి. మూడు సంగతులు వెతకండి. హన్మకొండ చౌరస్తా నుంచి పోచమ్మమైదాన్ దాకా దారి పూర్తిగా దానిదేనా, లేక ఎక్కడైనా ఆటోలతో కలుస్తుందా? నాలా దాటే చోట్ల సబ్‌స్టేషన్, కేబుళ్లు వరద మట్టానికి ఎంత పైన ఉన్నాయి? ఇరవై, పాతికేళ్లకు బండ్లూ తీగా మార్చడానికి ఏటా పక్కన పెట్టే మొత్తం ఏ పద్దు కింద ఉంది, అది పెట్టేది ఎవరు? మూడో గడి ఖాళీగా ఉంటే, దాని ఆయుష్షు ఎన్నేళ్లో పైన కాన్పూర్ లెక్కలోనే ఉంది.